స్కూలంతా గ్లోబల్ లెర్నింగ్ తేవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: భీమవరం దగ్గర ఒకటి నుంచి పది వరకు ఉన్న ప్రైవేటు స్కూలుకి కొత్తగా ప్రిన్సిపాల్ అయ్యారు, స్టేట్ సిలబస్, వచ్చే జూన్ నుంచి స్కూలంతా 'గ్లోబల్ లెర్నింగ్' కనిపించాలని యాజమాన్యం పట్టుబడుతోంది. వారానికో పీరియడ్ పెట్టాలా, పుస్తకం కొనాలా, విదేశీ స్కూలుతో ఒప్పందం చేసుకోవాలా, అసలు ప్లాన్ ఎలా వేయాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను మేడమ్. పీరియడ్ వద్దు, పుస్తకం వద్దు, విదేశీ స్కూలు మూడో ఏడాది దాకా వద్దు. ఉన్న సిలబస్‌లో, ఉన్న పాఠాల్లో, మన ఊరికీ ప్రపంచానికీ ఉన్న లంకెల గురించి పిల్లలు ఆలోచించేలా ప్రశ్నలు మార్చండి. దానికి మూడేళ్ల ప్లాన్ వేయండి. మొదటి ఏడాది ఇష్టంగా ముందుకొచ్చే నలుగురైదుగురు టీచర్లు, రెండు తరగతులు (ఆరు, ఎనిమిది అనుకోండి), అందరూ కలిసి పట్టుకునే ఒకే ఒక్క విషయం. రెండో ఏడాది ఒకటి నుంచి తొమ్మిది వరకు అన్ని సబ్జెక్టులు. మూడో ఏడాదికి అది వార్షిక ప్రణాళికలోకి, కొత్తగా చేరే టీచర్లకిచ్చే శిక్షణలోకి, స్కూలు రోజూ నడిచే తీరులోకి ఎక్కాలి. పదో తరగతిని కదపొద్దు. అక్కడ చెయ్యి పెడితే తల్లిదండ్రులు, టీచర్లు ఇద్దరూ మొదటి నెలలోనే మీకు ఎదురు తిరుగుతారు, ఆ టెన్షన్‌లో మిగతా తొమ్మిది తరగతుల పని కూడా ఆగిపోతుంది.

నేను సోషల్ టీచర్‌గా మొదలై హెడ్మాస్టర్‌గా రిటైరయ్యాను, ఇప్పుడు గోదావరి జిల్లాల్లో స్కూళ్లకు ఈ పనిలోనే సాయం చేస్తున్నాను. చెప్పేదంతా ఆ అనుభవంలోంచే.

ముందు యాజమాన్యానికీ మీకూ మధ్య ఒక విషయం తేలాలి. చాలామంది దృష్టిలో గ్లోబల్ అంటే ఇంగ్లిష్, కోడింగ్, సింగపూర్ టూరు. అవి వాళ్లకు కావాలంటే పెట్టుకోనివ్వండి, కానీ ఇది అది కాదు. 2015లో ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలు ఒప్పుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 4.7 అని ఒకటుంది. చదువుకునే ప్రతి ఒక్కరికీ 2030 నాటికి సుస్థిర జీవనం, మానవ హక్కులు, స్త్రీ పురుష సమానత్వం, శాంతి, ప్రపంచ పౌరసత్వం, సాంస్కృతిక వైవిధ్యం వీటి గురించి తెలివిడి, నైపుణ్యం అందాలని దాని సారం. మన జాతీయ విద్యా విధానం 2020 కూడా ప్రపంచ పౌరసత్వ విద్యను తగిన దశల్లో పాఠ్యప్రణాళికలోకి తేవాలని పేరు పెట్టి చెప్పింది. చాలా దేశాల్లో పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే పీసా పరీక్షలో 2018లో మొదటిసారి గ్లోబల్ సామర్థ్యాన్ని కొలిచినప్పుడు నాలుగు పనులు చూశారు: స్థానిక, ప్రపంచ విషయాలను పరిశీలించగలరా, ఎదుటివాళ్ల దృష్టిని అర్థం చేసుకోగలరా, వేరే సంస్కృతుల వాళ్లతో గౌరవంగా మాట్లాడగలరా, నలుగురి మేలు కోసం పూనుకుని ఏదైనా చేయగలరా. నాకు ఈ నాలుగూ పాఠం చూసుకోవడానికి బాగా పనికొస్తాయి. ప్రతి పాఠంలో నాలుగూ ఉండాలని రూలు పెట్టకండి, ఒకటి ఉన్నా చాలు.

వారానికో పీరియడ్ ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. అది ఎవరికిస్తారు? టైమ్‌టేబుల్లో పీరియడ్లు తక్కువున్న టీచరుకి. ఎఫ్ఏ (ఏడాది మధ్యలో జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలు దగ్గరపడగానే ఆ పీరియడ్‌ని లెక్కలకో సైన్సుకో తీసుకుంటారు. డిసెంబరుకల్లా అది కాగితం మీదే మిగులుతుంది. ఇంకా పెద్ద నష్టం ఏమిటంటే, మిగతా టీచర్లందరూ "అది ఆవిడ చూసుకుంటారు" అనేస్తారు. స్కూలంతా మారాలని మొదలుపెట్టి ఒక్క మనిషికి అప్పజెప్పినట్టవుతుంది.

జెండాలు, వేషాలు, వంటకాలతో చేసే 'ఇంటర్నేషనల్ డే' గురించి కూడా నా అభిప్రాయం గట్టిదే. పిల్లలకు సంతోషమే, చేసుకోండి. కానీ జపాన్ అంటే కిమోనో, ఆఫ్రికా అంటే ఒంటికి నల్లరంగు పూసుకుని గడ్డి లంగా కట్టుకోవడం అయితే (ఇది నిజంగా చూశాను, ఒకచోట కాదు) పిల్లవాడు ముందుకంటే తక్కువ తెలుసుకుని ఇంటికెళ్తాడు. చందాలు పోగుచేసి పేద దేశానికి పంపే కార్యక్రమమూ అంతే. అవతలివాళ్లు ఎప్పుడూ చెయ్యి చాచేవాళ్లే, మనం ఎప్పుడూ ఇచ్చేవాళ్లమే అన్న మాట మనసులో నాటుకుంటుంది. వాళ్లకెందుకు లేదు, ఎవరి నిర్ణయాల వల్ల లేదు అన్న ప్రశ్నే రాదు.

ఇక పని. ఏప్రిల్ పరీక్షలయ్యాక, సెలవులకు ముందు, ఒక పూట ఆడిట్ చేయండి. టీచర్లందరినీ కూర్చోబెట్టి, ఎవరి పాఠ్యపుస్తకాలు వాళ్లకిచ్చి, రెండే అడగండి. మీ పుస్తకంలో వేరే దేశంతోనో మన ఊరు దాటిన సమస్యతోనో ముడిపడ్డ పాఠాలు ఏవి? మన ఊరికి ప్రపంచంతో ఉన్న లంకెలు ఏవి? మొదటిదానికి జవాబులు మీరనుకున్నదానికంటే ఎక్కువ వస్తాయి, ఎందుకంటే నీరు, ఆహారం, వ్యాపారం, వలస, కాలుష్యం, శాతాలు ఇవన్నీ పుస్తకాల్లో ముందే ఉన్నాయి. రెండోదానికి జవాబులు బోర్డు మీద రాయండి. ఈ పూట డ్రైవర్లను, ఆయాలను, ఆఫీసు క్లర్కును కూడా పిలవండి. గల్ఫ్‌లో ఎవరెవరున్నారో, చెరువు లీజులు ఎలా నడుస్తున్నాయో స్టాఫ్ రూమ్ కంటే వాళ్లకే బాగా తెలుసు.

మీ ఊరికి మొదటి ఏడాది విషయం వెతుక్కోనక్కర్లేదు. రొయ్య.

ఎంత దూరం వెళ్తుందో చూడండి. ఇప్పుడు మీ చుట్టూ చెరువుల్లో పెరిగే వెనామీ మన రొయ్యే కాదు. అమెరికా ఖండాల పసిఫిక్ తీరం దాని సొంత ఊరు. మన దేశంలో దాని సాగుకు అనుమతి వచ్చింది 2009లో. అంతకుముందు టైగర్ రొయ్యను తెల్లమచ్చ వైరస్ దెబ్బతీసింది. వ్యాధిరహిత తల్లి రొయ్యలను విదేశాల నుంచి విమానంలో తెచ్చి, చెన్నైలో క్వారంటైన్‌లో ఉంచి, రొయ్యపిల్లల్ని పుట్టించే హ్యాచరీలకిస్తారు. ఇదంతా బయాలజీ టీచరుది: వేరే నేల జాతిని తెస్తే ఏమవుతుంది, క్వారంటైన్ ఎందుకు, వైరస్ ఎలా పాకుతుంది.

లెక్కల టీచరుకి 'కౌంట్' ఉంది. 100 కౌంట్ అంటే కిలోకి వంద రొయ్యలు, ఒక్కోటి 10 గ్రాములు. 30 కౌంట్ అయితే ఒక్కోటి 33 గ్రాములు దాటుతుంది. కౌంట్ తగ్గేకొద్దీ ధర ఎందుకు పెరుగుతుంది, అంత బరువు రావాలంటే మేత ఎన్ని కిలోలు, కరెంటు ఎంత, లాభం శాతం ఎంత? విలోమ నిష్పత్తి పాఠానికి ఇంతకంటే మంచి లెక్క నాకు తెలీదు, ఎందుకంటే మీ పిల్లల్లో సగం మంది భోజనాల దగ్గర ఈ మాటలు వింటూ పెరిగినవాళ్లే.

సోషల్ టీచరుకి 2025 ఉంది. ఆ ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు మీ ఊళ్లో రైతుకి ధర ఎందుకు పడింది? మన రొయ్యకు అన్నిటికంటే పెద్ద మార్కెట్ అమెరికా కాబట్టి. ప్రపంచంలో అతి ఎక్కువ రొయ్యలు ఎగుమతి చేసే ఈక్వడార్‌ని మ్యాపులో చూపించండి. అక్కడి రైతు మనకు పోటీదారు, కానీ అక్కడ కూడా చెరువుల కోసం మడ అడవులు నరికారు, అక్కడి మత్స్యకారులకూ ఇదే గొడవ. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒక్కసారి ఈక్వడార్ రైతు వైపు నుంచి రాస్తే, ఎదుటివాళ్ల దృష్టి అంటే ఏమిటో మీరు విడిగా వివరించాల్సిన పని ఉండదు.

ఇంగ్లిష్ టీచరు సూపర్ మార్కెట్ ప్యాకెట్ మీది లేబుల్ చదివించవచ్చు, అమెరికాలో రొయ్యలు కొనే ఒకావిడకు ఉత్తరం రాయించవచ్చు. తెలుగు టీచరు ఊళ్లో పెద్దవాళ్లను అడిగి, వరి చేలు చెరువులైన కథను పిల్లలతో రాయించవచ్చు. నేను వెళ్లిన ఒక స్కూల్లో తెలుగు మేడమ్ చేయించిన ఈ పనే అన్నిటికంటే బాగా వచ్చింది. ఒక తాతగారు చెప్పారట, చెరువులు రాకముందు తమ వీధి బావి నీళ్లు తాగేవాళ్లమని. ఆ ఒక్క మాట పట్టుకుని సైన్స్ మేడమ్ నీటిలో ఉప్పు శాతం మీద ప్రాజెక్టు పెట్టారు. టీచర్లు ఒకరి పాఠంలోంచి ఒకరు ఇలా అందుకోవడం మొదలైతే మీ ప్లాన్ సరిగ్గా నడుస్తున్నట్టే.

అక్కడినుంచి కొల్లేరు ఎంతో దూరం లేదు. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో చిత్తడి నేలల ఒప్పందం కుదిరింది, 2002లో కొల్లేరు ఆ జాబితాలోకెక్కింది, 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆటపాకలో గూడబాతుల్ని చూపించి వెనక్కి తీసుకొచ్చేయకండి. ఎక్కడో ఇరాన్‌లో రాసుకున్న ఒప్పందం మన సరస్సు మీద ఎలా పనిచేస్తోంది, చెరువులు పోయినవాళ్లు ఏమన్నారు, వలస పక్షి ఎన్ని దేశాలు దాటి వస్తుంది, మధ్యలో ఒక్క దేశం దాని చిత్తడి నేలను పూడ్చేస్తే ఏమవుతుంది, ఇవీ అడగాల్సినవి.

ఇక్కడే ఒక జాగ్రత్త, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మీ తరగతిలో చెరువు యజమాని కొడుకు, ప్రాసెసింగ్ ప్లాంటులో రొయ్యలు ఒలిచే తల్లి కూతురు పక్కపక్కనే కూర్చుంటారు. చర్చ పెట్టినప్పుడు ఎవరి కుటుంబమూ బోనెక్కకూడదు. పాత్రలు లాటరీ వేసి ఇవ్వండి, ఎవరూ తమ ఇంటి వైపు నుంచి మాట్లాడాల్సిన అవసరం రానివ్వకండి. గల్ఫ్ విషయంలో ఇంకా జాగ్రత్త. గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్, ఒమాన్ వెళ్లిన తల్లులు ఎంతమందో మీకు తెలుసు. ఒక తరగతిలో టీచరు మంచి ఉద్దేశంతోనే "మీ అమ్మ గల్ఫ్‌లోనే కదా, లేచి చెప్పు" అన్నారు. ఆ పాప లేచి నిలబడింది, నోట మాట రాలేదు. వలస పాఠం చెప్పాల్సిందే, కానీ పిల్ల జీవితాన్ని ఉదాహరణ చేసి కాదు. రాయాలనుకున్నవాళ్లు పేరు లేకుండా రాసి డబ్బాలో వేయొచ్చని చెప్పండి.

రెండో ఏడాదికి పనికొచ్చేవి రెండు చెప్తాను. మొదటిది ఫ్లోరైడ్. నల్గొండ అనగానే వంగిపోయిన ఎముకలు గుర్తొస్తాయి. అదే సమస్య తూర్పు ఆఫ్రికా రిఫ్ట్ లోయలో కెన్యా, ఇథియోపియా, టాంజానియాల్లో ఉంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ని నీటి అడుక్కి దించే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి తయారుచేసింది, దాని పేరే నల్గొండ టెక్నిక్. ఆఫ్రికా దేశాల్లోనూ దాన్ని వాడి చూశారు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. కెమిస్ట్రీ పాఠానికి పాఠం, పైగా ఆఫ్రికా పిల్లలదీ మనదీ ఒకే కష్టం, ఒకే మందు అన్న మాట ఉపన్యాసం లేకుండా తలకెక్కుతుంది. జాలి పడటానికి అక్కడ చోటుండదు.

రెండోది చరిత్ర. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ఉంది. అంతకుముందు తుఫానుకి ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా రాజులే తీసుకునేవాళ్లు. అలా చేయం, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం అని దూరదేశాల వర్తకులకు ఇచ్చిన మాట అది. ఏడో తరగతి పిల్లలతో ఆ శాసనాన్నీ 2025 సుంకాల వార్తనూ పక్కపక్కన పెట్టి చదివించండి. ఆ తర్వాత మచిలీపట్నం కలంకారీ: మన అద్దకం బట్టలు ఇంగ్లండ్‌లో ఎంత నచ్చాయంటే అక్కడి నేతగాళ్ల ఒత్తిడికి 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి చట్టం చేసి ఆపాల్సొచ్చింది. ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని అడిగితే పిల్లలే వాదించుకుంటారు.

ప్రైమరీ గురించి క్లుప్తంగా: ఒకటి నుంచి అయిదు వరకు సమస్యలు, గణాంకాలు వద్దు. అన్నం ఎక్కడినుంచి వచ్చింది, ఈ బొమ్మ ఎవరు చేశారు, అందరికీ సమానంగా పంచడమంటే ఏమిటి, ఇవి చాలు.

ఇప్పుడు అసలు కష్టమైన భాగం, స్టాఫ్. "సిలబస్సే అవట్లేదు, ఇదొకటా" అంటారు. వాళ్లన్నది నిజమే, కాబట్టి వాదించకండి. కొత్త పని ఇస్తే పాత పని ఒకటి తీసేయండి. ఎఫ్ఏలో ఎలాగూ ప్రాజెక్టు పని, రాత పని, పిల్లల ప్రతిస్పందనలు ఉన్నాయి. చాలా స్కూళ్లలో ప్రాజెక్టు అంటే ఇంటర్నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించి అట్ట మీద అతికించడమే. ఆ ప్రాజెక్టు స్థానంలోనే రొయ్య ప్రాజెక్టు పెట్టండి. ఒకే ప్రాజెక్టుని నాలుగు సబ్జెక్టుల టీచర్లూ తమ తమ మార్కులకు తీసుకోవచ్చని చెప్పండి. పిల్లలకు పని తగ్గుతుంది, టీచర్లకు దిద్దే బరువు తగ్గుతుంది. అయిష్టంగా ఉన్న టీచర్లు కూడా ఈ ఒక్క ఏర్పాటుతో మెత్తబడటం చాలాచోట్ల చూశాను.

పదిహేను రోజులకోసారి ఒక గంట, ఆ నలుగురైదుగురికి ఖాళీ ఇవ్వండి. సాయంత్రం బస్సులు వెళ్లాక కాదు, స్కూలు టైములోనే, సబ్‌స్టిట్యూషన్ పెట్టి. ఈ గంట ఇవ్వలేకపోతే ప్లాన్ మొదలుపెట్టకపోవడమే మంచిది. ఆ గంటలో ఒకరు చెప్పిన పాఠం గురించి మిగతావాళ్లు మాట్లాడాలి, అంతే. నాయకత్వం మీరు తీసుకోకండి మేడమ్, ఒక టీచరుకివ్వండి, సీనియర్ కాకపోయినా ఫర్వాలేదు. ప్రిన్సిపాల్ నడిపితే అందరూ మీ కోసం చేస్తారు, మీరు వెళ్లిన మర్నాడు ఆగిపోతుంది. ప్రైవేటు స్కూల్లో ప్రతి వేసవికీ కొందరు టీచర్లు మారిపోతారు, అందుకే చెప్పిన ప్రతి పాఠానికీ ఒక పేజీ నోటు రాయించి ఫైల్లో పెట్టాలి: ఏ ప్రశ్న అడిగాం, పిల్లలు ఏమన్నారు, వచ్చేసారి ఏం మార్చాలి.

ఇరుగుపొరుగు స్కూళ్లను కూడా కలుపుకోండి. ఇంగ్లండ్‌లో 2013 నుంచి 2018 వరకు ప్రభుత్వ నిధులతో నడిచిన గ్లోబల్ లెర్నింగ్ ప్రోగ్రామ్ ఇలాగే, అనుభవమున్న ఒక స్కూలు చుట్టూ కొన్ని స్కూళ్లు చేరే పద్ధతిలో పనిచేసింది. మనకు అది కొత్త కాదు, దగ్గర్లోని స్కూళ్లు ఒక గుంపుగా పనిచేసే స్కూల్ కాంప్లెక్స్ ఆలోచన 1960లలో విద్య మీద వేసిన కొఠారి కమిషన్ నాటిది. పక్క జడ్పీ హైస్కూల్ సోషల్ టీచరు దగ్గర మీవాళ్లు నేర్చుకునేది చాలా ఉంటుంది.

స్కూలు నడిచే తీరు గురించి ఒక్కమాట. హక్కుల పాఠం చెప్పి బయటికొచ్చి బెత్తం పట్టుకుంటే పిల్లలు బెత్తాన్నే నేర్చుకుంటారు. విద్యా హక్కు చట్టం 2009 పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది కూడా. పిల్లల కమిటీ పెడితే దానికి నిజంగా ఒక నిర్ణయం వదిలేయండి, క్యాంటీన్లో ఏం అమ్మాలి, ప్లాస్టిక్ సీసాలు ఉండాలా వద్దా, అలాంటిది. వాళ్లు మీకు నచ్చని నిర్ణయం చేసినా అమలు చేయాలి.

తల్లిదండ్రులు "దీనివల్ల టెన్త్ మార్కులు పెరుగుతాయా" అని అడుగుతారు. పెరుగుతాయని మాటివ్వకండి. సిలబస్ తగ్గదు, పరీక్ష పద్ధతి మారదు, పిల్లవాడు సొంతంగా ఆలోచించి రాయడం నేర్చుకుంటాడు అని చెప్పండి. ఆక్వా రైతులైన తండ్రుల్ని ఒకరిద్దరిని తరగతికి పిలిచి మాట్లాడించండి, మీటింగులో మీ తరఫున వాళ్లే మాట్లాడతారు.

మార్పు వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? గోడ మీద చార్టులు, ఫొటోలు లెక్కలోకి రావు. జూన్‌లో, పాఠం మొదలవకముందే, పిల్లలకు ఖాళీ కాగితమిచ్చి "ఆఫ్రికాలో ఒక దేశానికి వెళ్తే మీకేం కనిపిస్తుంది?" అని రాయమనండి. సింహాలు, అడవి, ఆకలి అని రాస్తారు, బస్సు, బ్యాంకు, కాలేజీ అని దాదాపు ఎవరూ రాయరు. ఆ కాగితాలు దాచండి. మార్చిలో మళ్లీ అదే ప్రశ్న ఇచ్చి, పక్కన పెట్టి చదవండి. రొయ్య మీద కూడా ఇలాగే: "చెరువు దగ్గర ధర ఎవరు నిర్ణయిస్తారు?" మొదట 'కంపెనీ వాళ్లు' అని ఒక్క ముక్క రాసినవాళ్లు మార్చిలో ఎన్ని చేతులు చూడగలుగుతున్నారు? వీటితోపాటు నెలకోసారి నాలుగు లెసన్ ప్లాన్లు తీసి ప్రశ్నలు మారాయా చూడండి. ఇవి చాలు, ఇంకేమీ కొలవకండి.

విదేశీ స్కూలు సంగతి. మూడో ఏడాదికి మీ పిల్లల దగ్గర చెప్పడానికి విషయం ఉంటుంది, అప్పుడు వెతకండి. అందరూ అమెరికా అంటారు, కానీ మనకు స్కూలు టైమయ్యేసరికి అక్కడ అర్ధరాత్రి. కెన్యా మనకంటే రెండున్నర గంటలే వెనక, మనకు పదకొండైతే అక్కడ ఎనిమిదిన్నర. మారిషస్ గంటన్నర వెనక, పైగా చెరుకు తోటల్లో పనికి వెళ్లిన తెలుగువాళ్ల వారసులు అక్కడున్నారు, స్కూళ్లలో తెలుగు చెప్తారు. మీ చోట ఉండుంటే నేను మారిషస్‌తో మొదలుపెడతాను. ఎవరైనా సరే, రెండు స్కూళ్లూ ఒకే ప్రశ్న మీద పనిచేయాలి, ఒకళ్లు చూపించడం ఇంకొకళ్లు చూడటం కాకూడదు.

యాజమాన్యానికి ఏడాదిలో కనిపించే ఫలితం ఒకటి కావాలి, అది న్యాయమే. ఫిబ్రవరిలో ఒక శనివారం పూట ఆరు, ఎనిమిది తరగతుల పిల్లలు తమ రొయ్య ప్రాజెక్టుని రైతులకు, ప్లాంటు కార్మికులకు, తల్లిదండ్రులకు వివరించేలా పెట్టండి, ప్రశ్నలు పెద్దవాళ్లు అడగాలి. కరస్పాండెంట్ గారిని స్టేజీ మీద కాకుండా పిల్లల టేబుళ్ల మధ్య తిప్పండి.

మీ స్కూల్లో ఏ సబ్జెక్టు టీచర్లు ముందుకొస్తున్నారో, వాళ్లకు వారానికి ఎన్ని పీరియడ్లో రాయండి. దాన్ని బట్టి జూన్ నుంచి దసరా దాకా వారాలవారీ ప్లాన్ నమూనా ఒకటి ఇక్కడే పెడతాను.